సున్నా వార్నింగులు

మా ఓంప్రకాశ్ సార్‌కు సున్నా అంటే ప్రాణం. లోపాలు సున్నా ఉండాలి, ఆలస్యం సున్నా ఉండాలి, మేం పెట్టే సెలవులూ సున్నానే ఉండాలి. ఆయన సున్నాల మోజు ఒక మనిషి ప్రాణం తీసింది, ఇంకో మనిషి పరువు తీసింది. అందులో నా చెయ్యి ఎంతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదువుతూ చదువుతూ నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, మొహమాటపడకండి.

హనుమకొండ సుబేదారిలో ఒక రక్తపరీక్షల సెంటర్ పైన, రెండో అంతస్తులో మా ఆఫీసు. సార్‌తో కలిపి ఏడుగురం. మేం రాసేవి ఫోన్లో వేలితో నొక్కే యాప్‌లు కావు. యంత్రాల లోపల ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, దాని అట్టడుగున కెర్నెల్ అని ఒక పొర ఉంటుంది. తీగల్లోంచి వచ్చే సంకేతాన్ని మొదట అందుకునేది అదే. అక్కడ తప్పు పడితే పైన ఎంత అందమైన స్క్రీన్ పెట్టినా దండుగ. నేను ఆ అట్టడుగు పనిలో నాలుగేళ్ల నుంచి ఉన్నాను. ఆ పని చేస్తానని చెప్పుకోవడంలో నాకు కొంచెం టెక్కు కూడా ఉండేది. ఇప్పుడు లేదు లెండి.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ మిర్చి కోల్డ్ స్టోరేజీలకు గ్యాస్ ప్యానెళ్లు తయారుచేస్తుంది. వాటి లోపలి ప్రోగ్రాం మాది. కోల్డ్ స్టోరేజీని చల్లబరిచేది అమ్మోనియా గ్యాస్. పైపులోంచి అది బయటికొస్తే కళ్లు కాలిపోతాయి, ఊపిరి ఆగిపోతుంది. గాలిలో అది ఎంతుందో సెన్సర్ కొలిచి చెప్తుంటుంది. గీత దాటగానే సైరన్ మోగాలి, లోపలున్నవాళ్లు బయటికి ఉరకాలి. ఇంతే సంగతి.

ఆ గీత మొదట వంద దగ్గర ఉండేది. కొంచెం వాసనకే సైరన్ మోగుతోందనీ, హమాలీలు బస్తాలు ఎక్కడివక్కడ పడేసి బయటికి పోతున్నారనీ, లోడింగ్ ఆగుతోందనీ కోల్డ్ స్టోరేజీ యజమానులు హైదరాబాద్ కంపెనీని పట్టుకున్నారు. ఉరకక మరి కూర్చుంటారా? కానీ కంపెనీ వాళ్లు మా సార్‌కు మెయిల్ కొట్టారు, గీతను మూడు వందలకు పెంచమని. సార్ ఆ పని జోయెల్ అన్నకిచ్చాడు.

జోయెల్ అన్న నాకంటే ఆరేళ్లు సీనియర్. నాకు పని నేర్పింది ఆయనే. మనిషి మంచివాడు, నోరు మాత్రం ఊరుకోదు. ప్రోగ్రాం మధ్యలో రాసుకునే కామెంట్లలో కూడా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి జోకులు వేస్తాడు. ఒక చోట 'దీని తల్లి, రెండు రోజులు తిన్నది' అని ఉంటుంది, ఇంకోచోట 'ఓంప్రకాశ్ సార్ పుణ్యం' అని ఉంటుంది. మొండి తప్పు ఒకటి దొరికితే మా ఆఫీసులో అందరం దాన్ని 'మొగడు' అంటాం. నిన్నటిదానికి ఇది మొగడు, అని. ఆ అలవాటు కూడా ఆయన తెచ్చిందే.

జనవరి నెలాఖరులో ఆయన వందను తీసి మూడు వందలు పెట్టాడు. అయితే సెన్సర్ చెప్పే అంకెను దాచుకునే గడి చాలా చిన్నది. దానిలో రెండు వందల యాభై ఐదు దాటి అంకె పట్టదు. అరలీటరు చెంబును పట్టుకొని, దీంట్లో లీటరు నీళ్లు పడితే నన్ను పిలువు అన్నట్టుగా ఉంటుంది ఆ లెక్క. మేం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఉంది చూశారూ, అది ఈ సంగతి వెంటనే పట్టింది. 'ఈ పోలిక ఎన్నటికీ నిజం కాదు' అని వార్నింగ్ ఇచ్చింది. వార్నింగ్ అంటే పని ఆపదు, చెప్పి ఊరుకుంటుంది. జోయెల్ అన్న అది చూశాడు. గడిని పెద్దది చేద్దామనుకొని, మర్చిపోకుండా ఆ వరస పక్కన ఒక కామెంట్ రాసిపెట్టాడు. ఆ సాయంత్రమే ఆయన భార్య శిరీషకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఉన్నపళంగా హైదరాబాద్ పోయాడు. బిడ్డ రెండు నెలలు అద్దాలపెట్టెలో ఉంది. ఆయన మళ్లీ రాలేదు, అక్కడే ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. ఆయన పని నాకొచ్చింది.

ఫిబ్రవరిలో హైదరాబాద్ కంపెనీ కొత్త షరతు పెట్టింది. ప్రోగ్రాం అప్పజెప్పేటప్పుడు ఒక్క వార్నింగ్ కూడా ఉండొద్దట. మా దాంట్లో ఎన్నున్నాయో లెక్కపెడితే నాలుగు వందల పన్నెండు తేలాయి. సార్ నాకు మూడు రోజుల గడువిచ్చాడు.

మొదటి రోజు బుద్ధిగా కూర్చొని ఒక్కొక్కటీ చదివి, ఎందుకొస్తోందో చూసి, ముప్పై ఆరు సరిచేశాను. సాయంత్రం సార్ వచ్చి నా వెనక నిలబడి ఆ లెక్క విని నవ్వాడు.

"సరిచెయ్యమని ఎవలు చెప్పిర్రు నీకు? కనబడకుంట చెయ్యమన్న. రెండేండ్లసంది నడుస్తున్న కోడ్ అది, ఎవలన్న సచ్చిండ్రా?"

అప్పటికి ఎవరూ చావలేదు, నిజమే.

రెండో రోజు నుంచి ఆయన చెప్పినట్టే చేశాను. కంపైలర్ నోరు మూయించడం చాలా తేలిక. ఈ రకం వార్నింగ్ ఇక చెప్పకు అని ఒక ఫైల్లో చిన్న మాట చేరిస్తే, ఆ రకానివన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. ఒక్కో మాటకు యాభై, అరవై పోతుంటే, అబద్ధమెందుకు, నాకు సంబరంగానే ఉంది. 'ఎన్నటికీ నిజం కాదు' రకానివి ముప్పైకి పైగా ఉన్నాయి. పైపైన చూశాను. పది పదిహేను చూస్తే అన్నీ ఏ హానీ లేనివే. పదహారోదో పదిహేడోదో సైరన్‌ది. దాని పక్కన జోయెల్ అన్న కామెంట్ కనిపించింది, ఇంగ్లీషు అక్షరాల్లో రెండే మాటలు. 'ఇది మొగడు' అని చదువుకున్నాను. చదివి నవ్వుకున్నాను. అన్న పోయినా అన్న జోకు పోలేదు అనుకున్నాను కూడా.

కామెంట్లు ఇంగ్లీషులోనే ఉండాలని కంపెనీ రూలు. అందుకని ఆ రెండు మాటలు చెరిపేశాను. ఆ రకం వార్నింగ్‌కు మూత పెట్టాను. మా పనిలో ఒక పద్ధతుంది. ఏ మార్పు పంపినా దాని కింద, దీనికి పూచీ నాది అనే అర్థంలో పేరు రాసి మరీ మెయిల్ చెయ్యాలి. 'సుభాషిణి' అని రాసి పంపించాను. మూడో రోజు మధ్యాహ్నానికి లెక్క సున్నాకొచ్చింది. సార్ అందరికీ సమోసాలు తెప్పించాడు. నేను రెండు తిన్నాను.

మార్చి మొదట్లో మా ప్రోగ్రాం కోల్డ్ స్టోరేజీల ప్యానెళ్లలోకి ఎక్కింది. అదే నెల ఆఖరులో, వర్ధన్నపేట వైపు ఖమ్మం రోడ్డు మీదున్న ఒక కోల్డ్ స్టోరేజీలో పట్టపగలు అమ్మోనియా పైపు అతుకు ఊడింది. మిర్చి సీజన్ కదా, లోపల రెండో అంతస్తులో ఐదుగురు హమాలీలు బస్తాలు పేరుస్తున్నారు. సైరన్ మోగలేదు. కింద ప్యానెల్ దగ్గరున్న ఆపరేటర్ ఉప్పలయ్యకు ఘాటు తగిలేసరికే పొగలాగా కమ్మేసింది. తువ్వాల తడిపి మొహానికి చుట్టుకొని లోపలికి ఉరికాడు. ఒక్కొక్కరినీ పట్టుకొని నలుగురిని బయటికి తెచ్చాడు. ఐదోవాడు యాకయ్య, ఇరవై ఆరేళ్లవాడు, ఉప్పలయ్య వాడకట్టువాడే. అతని కోసం పోయినప్పుడు ఉప్పలయ్య మెట్ల మీదే పడిపోయాడు. ఉప్పలయ్య బతికాడు గానీ రెండు కళ్లూ కాలిపోయాయి. యాకయ్య శవం సాయంత్రానికి బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సార్ నా చేతిలో ఒక మెమరీ కార్డు పెట్టి, ఆ ప్యానెల్‌లో కొత్త వెర్షన్ ఎక్కించి రమ్మన్నాడు. మామూలుగా ఎక్కించాల్సిందే, ఇంత గొడవలో మళ్లీ కుదరదు అన్నాడు. కోల్డ్ స్టోరేజీ వాళ్లు నన్ను వెనక గేటు నుంచి లోపలికి తీసుకుపోయారు. వెనక గేటు ఎందుకని నాకు అనుమానం రావాలా వద్దా? రాలేదు. ఇంత పెద్ద ప్రమాదం జరిగిన చోటికి నన్ను నమ్మి పంపాడని పొంగిపోయాను. ఇరవై నిమిషాల్లో పని ముగించుకొని, గేటు బయట చెరుకురసం తాగి బస్సెక్కాను.

ఆ మర్నాడు తనిఖీ ఆఫీసరొచ్చి, సెన్సర్ దగ్గర సీసాలోంచి గ్యాస్ వదిలి పరీక్ష చేశాడు. సైరన్ ఊరంతా వినబడేలా మోగింది. సైరన్ బాగానే ఉంది కాబట్టి ఆపరేటరే బంద్ చేసి ఉంటాడని తేల్చారు. రిపేరు రోజుల్లో సైరన్ బంద్ చెయ్యడానికి ప్యానెల్‌కు ఒక తాళంచెవి ఉంటుంది, అది ఉప్పలయ్య జేబులోనే ఉంది. ఇంకేం కావాలి? కేసు రాశారు. నేను బంద్ చెయ్యలేదు, అది మోగలేదు అని దవాఖానలో మంచం మీద నుంచి ఉప్పలయ్య చెప్తూనే ఉన్నాడని పేపర్లో రాశారు. నేను ఆఫీసు కింద చాయ్ తాగుతూ ఆ వార్త చదివి, ఎంత తెగించి అబద్ధమాడుతున్నాడో చూడండి అని అందరి ముందూ అన్నాను. నేనే అన్నాను.

జూన్‌లో జోయెల్ అన్న ఫోన్ చేశాడు. సర్వీస్ సర్టిఫికెట్ సార్ పంపడం లేదు, జర గుర్తుచెయ్యమని. బిడ్డ బాగుందట, మూడు కిలోలైందట. మాటల్లో ఆ కోల్డ్ స్టోరేజీ సంగతి వచ్చింది. ఉప్పలయ్యను తిట్టబోతుంటే అన్న మధ్యలో ఆపాడు.

"అది సరే గనీ, ఆ సైరన్ కాడ నేను రాసిపెట్టింది సరిచేసినవ్ గదా?"

"ఏది, ఆ మొగడా?" అని నవ్వాను.

"మొగడేందే? మోగదు. ఇది మోగదు అని రాసిన. మూడు వందలు పెడితే సైరన్ మోగదు అని."

ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకటే. కొట్టి చూసుకోండి కావాలంటే. దీర్ఘం ఉండదు, డకారానికీ దకారానికీ తేడా ఉండదు. అన్న రెండుసార్లు హలో అన్నాడు. తర్వాత ఆయనకూ అర్థమైంది. అటునుంచి ఏడుపు వినబడింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. సరిగా తెలుగులో రాసి చావొచ్చు కదా అని అరిచాను. ఇంగ్లీషులోనైనా రాయొచ్చు కదా, ఫోన్ చేసి ఒక్క మాట చెప్పొచ్చు కదా. పెళ్లాం ప్రాణాల మీదకొచ్చిన మనిషిని పట్టుకొని అన్ని మాటలూ అన్నాను. కంపైలర్ శుద్ధమైన ఇంగ్లీషులో నాకు చెప్పింది, దాన్ని నేను చదవలేదు అన్నమాట మాత్రం ఆయనతో అనలేదు.

ఫోన్ పెట్టేసి నేరుగా సార్ గదిలోకి పోయి, ఆ రోజు కార్డులో ఏం మార్చారని అడిగాను. ఆయన బుకాయించలేదు. తలుపు వెయ్యమన్నాడు.

"వార్త తెలిసిన గంటలనే వార్నింగులన్నీ మళ్ల ఆన్ చేసి సూసిన. దొరికింది. దాని కింద ఎవల పేరున్నదో కూడ సూసిన. నిన్ను కాపాడిన సుభాషిణీ, జర అర్థం చేసుకో."

అంటే, ఆ చిన్న గడిని పెద్దది చేసి నా చేతికే ఇచ్చి పంపాడు. రుజువును నా చేతులతోనే తుడిపించాడు. ఉప్పలయ్య సంగతేంటంటే, దవాఖాన ఖర్చు కోల్డ్ స్టోరేజీ వాళ్లే పెట్టుకుంటున్నారనీ, కేసు మెల్లగా చల్లబడుతుందనీ, నన్ను ఫికర్ చెయ్యొద్దనీ అన్నాడు. చివరికి, నువ్వే నోరు తెరిస్తే ముందు పోయేది నువ్వే అని కూడా మెల్లగా అన్నాడు. ఆ ఒక్కటీ నిజమే చెప్పాడు.

మూడు రోజులు నోరు మూసుకొనే ఉన్నాను. ఇక్కడ గొప్పలు పోయి లాభం లేదు. ఉద్యోగం గురించి ఆలోచించాను, పోలీసుల గురించి ఆలోచించాను, మా అమ్మ మొహం గురించి ఆలోచించాను. నాలుగో రోజు, ఫిబ్రవరిలో నేను పంపిన మెయిల్‌నూ, దానికి ముందు నాలుగు వందల పన్నెండు వార్నింగుల జాబితానూ రెండేసి కాపీలు ప్రింట్ తీశాను. కార్డు పట్టుకొని వెనక గేటు నుంచి ఎప్పుడు పోయానో, ఎవరు పంపారో చేత్తో రాసి జతచేశాను. ఒక కట్ట తనిఖీ ఆఫీసరుకు ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. రెండో కట్ట తీసుకొని హనుమకొండలో బస్సెక్కి, వర్ధన్నపేటలో దిగి, ఆటోలో ఉప్పలయ్య ఊరికి పోయాను.

ఉప్పలయ్య ఇంటి ముందు రేకుల కింద మంచం మీద కూర్చొని ఉన్నాడు. యాభై ఉంటాయేమో. కళ్లకు నల్లద్దాలున్నాయి. ఆయన భార్య సోమక్క నాకు కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. చెంబు లెక్క చెప్పాను, కార్డు సంగతి చెప్పాను. ఆయన అంతా విని, అయిపోయాక చెయ్యి చాపి ఆ కాగితాలు అడిగి, వేళ్లతో తడిమి చూశాడు.

"నీ పేరున్నదా బిడ్డా దీంట్ల?"

ఉన్నదన్నాను.

"సోమక్కా, నేను బంద్ చెయ్యలేదని ఉన్నదట దీంట్ల" అన్నాడు. సోమక్క చెంగు నోట్లో కుక్కుకొని ఇంట్లోకి పోయింది. ఆమె ఏడుపు బయటికి వినబడుతూనే ఉంది.

ఆయనకు ఆఫీసరు ఏమంటాడో పట్టలేదు, కేసు ఏమవుతుందో పట్టలేదు. ఎదురు వరసలో నాలుగిళ్ల అవతల యాకయ్య తల్లి మొగిలమ్మ ఉంటుందట. ఆయన దవాఖాన నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఈ ఇంటి ముందుకొచ్చి, ఉప్పలయ్య పేరు పెట్టి పిలిచి, అతని మీద మన్నెత్తి పోసి శాపనార్థాలు పెట్టి పోతుందట. ఆయన తలుపు మూసుకోడట. పొయ్యనీ, కొడుకు పోయిన ముసలిది అంటాడట. ఇదంతా సోమక్క కళ్లు తుడుచుకుంటూ వచ్చి చెప్పింది.

"ముందుగాల మొగిలమ్మకు చెప్పు పో" అన్నాడు ఉప్పలయ్య. "ఆఫీసర్ల సంగతి ఎన్కసిరి సూద్దాం. ఆమెకు తెలిస్తె సాలు నాకు."

పోయాను. మొగిలమ్మ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. చిన్న మనిషి, ఎముకల గూడు. నేనెవరో చెప్పగానే మంచినీళ్లు తాగుతావా అని అడిగింది. వద్దన్నాను. కూర్చొని, ఆమెకు అర్థమయ్యే మాటల్లో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఉప్పలయ్య సైరన్ ముట్టలేదనీ, అది ఎప్పటికీ మోగకుండా ముందే తయారై వచ్చిందనీ చెప్పాను. ఆమె చేతులు గింజలు తియ్యడం ఆపలేదు. చేతిలోని చింతపండు ముద్ద అయిపోయాక తలెత్తింది.

"మూన్నెల్లసంది వాడు గదే చెప్తాండు, మోగలేదు మోగలేదని. వాని మాట ఇనకపోతిమి. నువ్వొచ్చి చెప్తె ఇంటానం." ఆ వెంటే అడిగింది. "ఆ మిషన్‌కు తెల్వదా బిడ్డా, ఇది మోగదని?"

"తెలుసవ్వా. ముందుగాల్నే చెప్పింది."

"ఎవలకు?"

"నాకే."

"మరి నువ్వేం జేసినవ్?"

"దాని నోరు మూయించిన."

తిడుతుందనుకున్నాను. అంత మన్నూ నా నెత్తిన పోస్తుందనుకున్నాను, పొయ్యాలనే నాకుంది. ఆమె నన్ను మరోసారి చూడను కూడా లేదు. చాట పక్కకు జరిపి, మోకాళ్ల మీద చేతులానించి లేచి, ఉప్పలయ్య ఇంటివైపు నడిచింది. నేను వెనకాలే పోయాను. ఉప్పలయ్య ఇందాకటిలాగే మంచం మీద, ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉన్నాడు. మొగిలమ్మ అతని ముందు నిలబడి, దండం పెట్టడానికి రెండు చేతులూ జోడించింది. అతనికి అది కనబడదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

"ఉప్పలయ్యా" అని పిలిచింది.

ఆ గొంతు చెవిన పడగానే ఉప్పలయ్య గబుక్కున తల వంచి, మన్ను పడకుండా మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.